తిరిగొచ్చిన ఉత్తరం మీద కారణం రాయండి

మెయిల్ బ్లాక్‌లిస్టుల నిర్వాహకులకు, ఆ జాబితాలు చూసి తలుపు మూసే మెయిల్ సంస్థల బాధ్యులకు,



‘మీ ఇంటర్నెట్ ప్రొవైడర్ నెట్‌వర్క్‌లో కొంత భాగం మా బ్లాక్‌లిస్టులో ఉంది, వాళ్లను సంప్రదించండి.’ ఈ అర్థం వచ్చే ఇంగ్లిషు వాక్యం మీకు కొత్త కాదు. రాసింది మీరే. మీ యంత్రాలు దాన్ని రోజూ ఎక్కడెక్కడి చిన్న వ్యాపారాలకో పంపుతుంటాయి. భిలాయ్‌లో, జీఈ రోడ్డు పక్కన సుపేలాలో, ఏడెనిమిది మంది పనివాళ్లతో నడిచే ఒక వర్క్‌షాపు మీద అది వచ్చి పడితే ఏమవుతుందో మీరెప్పుడైనా చూశారా?

ఆ వర్క్‌షాపును ఒకసారి ఊహించుకోండి. పేరు అక్కర్లేదు. ఫ్యాక్టరీలకు విడిభాగాలు చేసి ఇచ్చే అలాంటి షెడ్లు భిలాయ్‌లో ఉన్నాయి, విశాఖ ఆటోనగర్‌లో ఉన్నాయి, హైదరాబాద్ బాలానగర్‌లో ఉన్నాయి. యజమాని తండ్రి ఏ శ్రీకాకుళం నుంచో ఉక్కు ప్లాంటు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు కావచ్చు. భిలాయ్‌లో అలాంటి తెలుగు ఇళ్లకు కొదవ లేదు. కంపెనీ పేరుతో ఒక డొమైన్ కొన్నారు. పది మెయిల్ ఐడీలు పెట్టుకున్నారు. ఒక చిన్న సర్వర్ అద్దెకు తెచ్చి షెడ్డులోనే పెట్టుకున్నారు. రోజుకు ముప్పై నలభై ఉత్తరాలు వెళ్తాయి. కొటేషన్లు, డ్రాయింగులు, ఇన్వాయిస్‌లు, టెస్ట్ సర్టిఫికెట్లు, బాకీ గుర్తుచేసే నాలుగు మాటలు, అంతే. ఒక శుక్రవారం సాయంత్రం, కొటేషన్ గడువుకు ఇంకో గంట ఉందనగా, 550 అనే తిరస్కార అంకెతో ఉత్తరం వెనక్కి వస్తుంది.

‘మనమేం తప్పు చేశాం?’ ఎవరైనా మొదట అడిగేది ఇదే. మీ సందేశంలో దానికి జవాబు లేదు.

ప్రొవైడర్‌కు ఫోన్ చేస్తే, ‘మా లైను బాగానే ఉందండీ, నెట్ వస్తోంది కదా’ అంటారు. సర్వర్ అద్దెకిచ్చినవారిని అడిగితే, ‘జాబితా మాది కాదు, వాళ్లనే అడగండి’ అంటారు. జాబితావాళ్ల దగ్గరికి వెళ్తే, ‘మేం ఎవరి ఉత్తరాన్నీ ఆపలేదు, మా అభిప్రాయం ప్రకటించామంతే, ఆపింది అవతలి సర్వర్’ అనే వాదన వినిపిస్తుంది. అవతలి సర్వర్‌ను అడుగుదామంటే ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరమూ వెనక్కే వస్తుంది. నలుగురు నాలుగు దిక్కులు చూపిస్తుంటే మధ్యలో నిలబడ్డ మనిషి ఎవరి గుమ్మం తొక్కాలి? ఇంతలో గడువు దాటిపోతుంది. ఆర్డరు ఇంకొకరి చేతికి పోతుంది. ఈ నష్టాన్ని మీ లెక్కల్లో ఏ పద్దు కింద రాసుకుంటున్నారు?

ప్లాంటుకు పనికి వచ్చిన మొదటి తరం ఊరికి ఇన్‌లాండ్ లెటర్లు రాసుకునేది. అప్పుడప్పుడూ ఒకటి తిరిగొచ్చేది. కానీ దాని మీద పోస్ట్‌మాన్ చేతిరాత ఉండేది: తలుపు తాళం, ఊరు వదిలి వెళ్లారు, తీసుకోలేదు, అడ్రసు సరిపోలేదు. రెండు మూడు మాటలే. ఆ రెండు మాటలతో మళ్లీ ఏం చేయాలో తెలిసేది. ఖాకీ చొక్కా వేసుకుని సైకిల్ మీద తిరిగే మనిషి చేసిన ఈ పాటి పని, ప్రపంచంలోని అతిపెద్ద కంప్యూటర్ సంస్థలు ఎందుకు చేయలేకపోతున్నాయి?

భిలాయ్‌లో పిల్లలకు కూడా తెలిసిన మాటలు రెండున్నాయి: ఛార్జిషీటు, ఎంక్వైరీ. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం వచ్చినప్పటి నుంచీ పెద్ద ఫ్యాక్టరీలో ఒక కార్మికుడి మీద తప్పు మోపితే, ఆ తప్పేమిటో కాగితం మీద రాసి ఇవ్వాలి, అతని సంజాయిషీ వినాలి. మీ జాబితాలో పేరు ఎక్కించేటప్పుడు ఎవరికి కాగితం ఇస్తున్నారు? ఎవరి సంజాయిషీ వింటున్నారు?

మీ మీద అకారణ ద్వేషంతో రాస్తున్న ఉత్తరం కాదిది. స్పామ్ ఎంత పెద్ద పీడో మెయిల్ వాడే ప్రతి ఒక్కరికీ తెలుసు. ప్రపంచంలో తిరిగే మెయిల్‌లో సగానికి కాస్త తక్కువ స్పామేనని సైబర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ కొన్నేళ్లుగా చెబుతూనే ఉంది. 1990ల చివర పాల్ విక్సీ, ఆయన తోటివారు కాలిఫోర్నియాలో మొదటి బ్లాక్‌లిస్టు మొదలుపెట్టినప్పుడు, 1998లో స్టీవ్ లిన్‌ఫోర్డ్ స్పామ్‌హాస్‌ను ప్రారంభించినప్పుడు, వాళ్లు చేసింది ప్రజలకు పనికొచ్చే పని. 2013 మార్చిలో స్పామ్‌హాస్‌ను కూల్చడానికి సెకనుకు 300 గిగాబిట్ల వరకూ వెళ్లిన దాడి జరిగింది. అప్పటికి ఇంటర్నెట్ చూసిన అతిపెద్ద దాడుల్లో అదొకటి. దొంగలకు అంత కోపం వచ్చిందంటే కాపలా గట్టిగా ఉన్నట్టే. మీ జాబితాలు లేకపోతే సుపేలా వర్క్‌షాపు ఇన్‌బాక్స్ కూడా నకిలీ లాటరీలతో, దొంగ బ్యాంకు లింకులతో నిండిపోయేది. ఈ మేలు మరిచిపోలేదు. మరిచిపోలేదు కాబట్టే ఫిర్యాదు మీ ఎదుటకు తెస్తున్నాం.

మీ పద్ధతి ఎలా నడుస్తుందో పాఠకులకు చెప్పాలి, ఎందుకంటే అన్యాయం ఆ పద్ధతి లోపలే దాగి ఉంది. ఒక ఉత్తరం రాగానే, పంపిన సర్వర్ ఐపీ నంబరును అవతలి సర్వర్ చూస్తుంది. అది 203.0.113.25 అనుకుందాం. దాన్ని తిరగేసి 25.113.0.203 అని రాసి, జాబితా పేరు ముందు తగిలించి, ఇంటర్నెట్ పేర్లకు నంబర్లు చెప్పే డీఎన్ఎస్‌ను అడుగుతుంది. 127తో మొదలయ్యే జవాబు వస్తే పేరు ఉన్నట్టు. అలాంటి పేరే లేదని వస్తే జాబితాలో లేనట్టు. రెప్పపాటులో తేలిపోతుంది.

ఆ జవాబులోని చివరి అంకెల్లోనే అసలు సంగతి ఉంది. స్పామ్‌హాస్ ఉమ్మడి జాబితాలో 127.0.0.2 అని వస్తే స్పామ్ పంపేవారిగా గుర్తించారని అర్థం. 127.0.0.4 అంటే ఆ నంబరు వెనక వైరస్ పట్టిన యంత్రమో, ఎవరో దొంగచాటుగా వాడుకుంటున్న యంత్రమో ఉందని. 127.0.0.10, 127.0.0.11 అంటే అసలు ఏ నేరారోపణా లేదు. ఇళ్లకు, చిన్న కనెక్షన్లకు ఇచ్చే నంబర్ల వరుస ఇది, ఇక్కడి నుంచి మెయిల్ నేరుగా రావడం పద్ధతి కాదు అని మాత్రమే. ఒకరు దొంగ, ఒకరు రోగి, ఇంకొకరు కేవలం ఆ వీధిలో కాపురం ఉన్నవారు. జాబితా ఈ ముగ్గురినీ విడివిడిగానే చూపిస్తోంది. మెయిల్ సంస్థల బాధ్యులారా, ఆ తేడాను చెరిపేస్తున్నది మీరు. ముగ్గురికీ ‘బ్లాక్ చేశాం’ అని ఒకే మాట చెప్పి పంపుతున్నారు. దొంగకు ఆ మాట చాలు, వాడు రేపు ఇంకో నంబరు కొంటాడు. రోగికి మందు కావాలి. వీధిలో ఉన్నవాడికి దారి కావాలి. వాళ్లిద్దరికీ మీ మాటలో ఏముంది?

ఇంకా విచిత్రమైన అంకె ఒకటుంది: 127.255.255.254. పంపినవారి మీద ఆరోపణ కాదిది. అడిగిన సర్వర్ అందరూ వాడే పబ్లిక్ డీఎన్ఎస్ ద్వారా అడిగింది, అలా అడిగితే జవాబు ఇవ్వం అని స్పామ్‌హాస్ చెప్పే మాట. అయితే 127తో ఏది వచ్చినా దోషమేనని కట్టేసుకున్న సర్వర్లు దీన్ని కూడా దోషమనే చదువుతాయి. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ తిప్పి కొడతాయి. తప్పు అందుకునే చోట, శిక్ష పంపినచోట. సుపేలా యజమాని తన సర్వర్‌ను ఎన్నిసార్లు కడిగి ఆరేసినా ఇది మారుతుందా?

ఇక పాతవాడి బాకీ కొత్తవాడి మీద పడే సంగతికి వద్దాం. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఐపీ నంబర్లు పంచే ఏప్నిక్ దగ్గర పాత రకం నంబర్లు 2011 ఏప్రిల్‌లోనే దాదాపు అడుగంటాయి. చివరి భాగాన్ని అప్పటినుంచి పొదుపుగా కొలిచి ఇస్తున్నారు. కాబట్టి ఈ రోజు ఒక చిన్న వ్యాపారానికి దొరికే నంబరు చాలావరకు ఇంతకుముందు ఎవరో వాడి వదిలేసిందే. అద్దె ఇంట్లో దిగిన మర్నాడే పాత అద్దెదారు కోసం అప్పులవాళ్లు తలుపు తట్టినట్టుంటుంది. వాళ్లకు కనీసం ‘ఆయన వెళ్లిపోయాడండీ’ అని చెప్పుకోవచ్చు. మీకు ఎలా చెప్పాలి?

నంబరుతోనే ఆగితే కొంత నయం. యూసీఈప్రొటెక్ట్ అనే జాబితాలో మూడు మెట్లున్నాయి. మొదటిది ఒక్కో నంబరుకు. రెండోది చుట్టుపక్కల వరుసకు. మూడోది ఏకంగా ప్రొవైడర్ నెట్‌వర్క్ మొత్తానికి. మూడో మెట్టు ఎక్కితే ఆ ప్రొవైడర్ దగ్గర ఉన్న ఆసుపత్రి, బడి, వర్క్‌షాపు, అందరూ ఒకే కట్టలో పడతారు. దాన్ని నడిపేవారి వాదన తెలిసిందే: అందరికీ బాధ కలిగితే తప్ప ప్రొవైడర్ కదలడు. కదలాల్సింది ప్రొవైడర్ అయితే దెబ్బ సుపేలా వీపు మీద ఎందుకు పడాలి? ఇద్దరు ముగ్గురు పిల్లలు అల్లరి చేశారని క్లాసంతటినీ ఎండలో నిలబెట్టే మేష్టారిని ఏ ఊరు మెచ్చుకుంది? పైగా ప్రొవైడర్ మారడం అంటే చొక్కా మార్చుకోవడం కాదు. చిన్న పట్టణంలో స్థిరమైన నంబరు ఇచ్చే ప్రొవైడర్లు ఎంతమంది ఉంటారని?

అదే జాబితాలో పేరు తొందరగా తీయించుకోవాలంటే డబ్బు కట్టే దారి కూడా పెట్టారు. కట్టకపోతే, కొత్తగా స్పామ్ కనబడకుండా ఏడు రోజులు గడిస్తే దానంతట అదే పోతుంది. ఏడు రోజులు. శుక్రవారం గడువు ఉన్న మనిషికి ఏడు రోజులు అంటే ఏమిటో చెప్పాలా? 2012 జనవరిలో మీ రంగంలోనే పండిన అనుభవజ్ఞులు బ్లాక్‌లిస్టులు ఎలా నడపాలో ఒక పత్రం రాశారు. దాని సంఖ్య ఆర్ఎఫ్‌సీ 6471. చెడ్డవారి జాబితాలోంచి పేరు తీయడానికి సొమ్ము అడగడం బెదిరించి వసూలు చేయడానికి ప్రమాదకరమైనంత దగ్గరగా పోతుందని అందులో హెచ్చరించారు. ఏ కారణంతో పేరు ఎక్కిస్తారో బయటికి ప్రకటించాలనీ, తీయించుకునే దారి ఉండాలనీ, జాబితాను మూసేసేటప్పుడు పద్ధతిగా మూయాలనీ చెప్పారు. బయటివాళ్లు రుద్దిన చట్టం కాదిది, మీ ఇంటి పెద్దలు చెప్పిన మాట. దాన్నయినా పాటిస్తున్నారా?

మూసివేతల చరిత్రే చూడండి. ఓఆర్‌డీబీ అనే జాబితా 2006 డిసెంబరులో పని ఆపేసింది. ఆపేసిందని పట్టించుకోకుండా దాన్ని అడుగుతూనే ఉన్న సర్వర్లు లెక్కలేనన్ని. వాటిని వదిలించుకోవడానికి 2008 మార్చిలో అది ఎవరి గురించి అడిగినా ‘దోషి’ అని జవాబు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ రోజు ప్రపంచమంతా ఉన్న నిర్దోషుల ఉత్తరాలు తిరిగివెళ్లాయి. 2015 జనవరి 1న ఏహెచ్‌బీఎల్ అనే మరో జాబితా కూడా అదే పని చేసింది. 2024 జూన్‌లో సోర్బ్స్ మూతపడింది. చచ్చిపోయిన ఓఆర్‌డీబీని పదిహేను నెలల తర్వాత కూడా అడుగుతూ కూర్చున్న మెయిల్ నిర్వాహకుడు ఎంత శ్రద్ధగా కాపలా కాస్తున్నట్టు? ఈ రోజు మీ సర్వర్లు ఎన్ని జాబితాలను అడుగుతున్నాయో, వాటిలో ఎన్ని బతికి ఉన్నాయో చివరిసారి ఎప్పుడు చూసుకున్నారు?

చిన్నవాళ్లకే ఇలా జరుగుతుందా అంటే, కాదు. పెద్దవాళ్లకూ జరుగుతుంది. 2007 జూన్‌లో ఆస్ట్రియా దేశపు డొమైన్లు నమోదుచేసే నిక్‌డాట్‌ఏటీ సంస్థనే స్పామ్‌హాస్ జాబితాలో పెట్టింది. మోసపు వెబ్‌సైట్ల డొమైన్లను ఆ సంస్థ రద్దు చేయలేదని కోపం. ఆ సంస్థ స్పామ్ పంపిందని కాదు. వాళ్లకు గొంతు ఉంది కాబట్టి గొడవ లోకానికి తెలిసింది.

మన దేశపు ఉదాహరణ ఇంకా దగ్గరిది. అది బ్లాక్‌లిస్టు కథ కాకపోయినా జబ్బు అదే. 2018 సెప్టెంబరు 24న చెన్నైకి చెందిన జోహో సంస్థ ప్రధాన డొమైన్‌ను దాన్ని నమోదుచేసిన అమెరికా రిజిస్ట్రార్ టియెరానెట్ నిలిపేసింది. జోహో మెయిల్ వాడి ఎవరో ఫిషింగ్ చేస్తున్నారన్నది ఫిర్యాదు. వచ్చిన ఫిర్యాదులు మూడేనని జోహో చెప్పింది. కోట్లమంది వాడే సేవ గంటల తరబడి ఎక్కడికక్కడ ఆగిపోయింది. అధిపతి శ్రీధర్ వెంబు ట్విట్టర్‌లో బహిరంగంగా మొరపెట్టుకున్నాకే అవతలి కంపెనీ పెద్దలను పట్టుకోగలిగారు. వేల కోట్ల కంపెనీ అధిపతి పదిమంది వినేలా అరిస్తే తప్ప ఫోన్ ఎత్తే మనిషి దొరకలేదు. 2025లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల లక్షల మెయిల్ ఖాతాలు చేరింది ఈ జోహో వేదిక మీదికే. అలాంటి సంస్థకే ఒక పూట దిక్కుతోచలేదంటే, సుపేలాలో లేత్ మిషన్ నడుపుకునే మనిషి ఎవరి వాకిట్లో అరవాలి?

కోర్టుకు వెళ్లమంటారా? అదీ చూశాం. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన ఈ360 అనే కంపెనీ తనను జాబితాలో పెట్టినందుకు స్పామ్‌హాస్ మీద దావా వేసింది. అవతలి పక్షం వాదించకపోవడంతో 2006లో కోటీ 17 లక్షల డాలర్ల పరిహారం ఇమ్మని తీర్పు వచ్చింది. అప్పీళ్లు నడిచి నడిచి 2011లో అది 3 డాలర్లకు దిగింది. ఆ కంపెనీ గుంపుగా మెయిళ్లు పంపే వ్యాపారంలో ఉంది కాబట్టి దాని మీద జాలి పడనక్కర్లేదు. ఇక్కడ గమనించాల్సింది కాలం, ఖర్చు. అయిదేళ్లు, లాయర్లు, ఇంకో దేశపు కోర్టు. వర్క్‌షాపుకు అది దారి కాదు.

మన చట్టం ఏమంటోందో కూడా చూద్దాం, ఎందుకంటే మీ తిరస్కారం చట్టం దాకా పాకుతోంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం, అందుకునేవారు ఫలానా మెయిల్‌కు పంపమని చెప్పి ఉంటే, ఆ కంప్యూటర్ వ్యవస్థలోకి ఉత్తరం ప్రవేశించిన క్షణంలో అది అందినట్టు. మీరు గుమ్మంలోనే 550 చెప్పి తిప్పి పంపిన ఉత్తరం లోపలికి రానేలేదు. కాబట్టి అందలేదనే చెప్పుకోవాలి. కొటేషన్ అందలేదు. సరుకు మీద అభ్యంతరానికి ఇచ్చిన జవాబు అందలేదు. బాకీ తాఖీదు అందలేదు. దానికి తలకిందులుగా, మీరు నోరు మెదపకుండా స్పామ్ పెట్టెలో పడేసిన ఉత్తరం లోపలికి వచ్చినట్టే లెక్కకు రావచ్చు. పంపినవాడు అందిందనుకుంటాడు, అందుకోవాల్సినవాడు చూడనే చూడడు. రెండింట్లో ఏది ఎప్పుడు చేయాలో తేల్చే అధికారం మీ చేతుల్లో ఉంది. ఇద్దరు వ్యాపారుల మధ్య హక్కులు, బాధ్యతలు మారిపోయే అధికారమది. దాన్ని మీకు ఎవరు ఇచ్చారు?

ఎవరూ ఇవ్వలేదు. ఖాళీగా ఉన్న కుర్చీలో మీరు కూర్చున్నారు. ఎస్ఎంఎస్‌లకు, వ్యాపార ఫోన్లకు మన దేశంలో ట్రాయ్ ఉంది, 2018 నాటి నిబంధనలున్నాయి, ఫిర్యాదుకు 1909 నంబరు ఉంది. మెయిల్ స్పామ్‌కు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. మోసపు మెయిళ్లను కూడా తాకిన 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. భావప్రకటన స్వేచ్ఛ కోసం అది కొట్టేయాల్సినదే. కానీ ఆ తర్వాత మెయిల్ విషయంలో ఆ చోటు ఖాళీగానే ఉంది. చట్టం లేని చోట మీ జాబితాయే చట్టంలా నడుస్తోంది. చట్టంలా నడిచేదానికి చట్టానికుండే బాధ్యతలు వద్దా? ఢిల్లీలో ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ పెద్దలు కూడా ఈ మాట వినాలి. చిన్న పరిశ్రమల కోసం ఇన్ని పోర్టళ్లు కట్టారు. ఆ పరిశ్రమ రాసిన మెయిల్ ఎక్కడ ఆగిందో చూసే బల్ల మాత్రం ఏ ఆఫీసులోనూ వేయలేదు.

‘చిన్న సర్వర్ ఎందుకు, మా దగ్గరే ఖాతా తీసుకోండి’ అని మెయిల్ సంస్థలు అనవచ్చు. మంచిదే, చాలామంది తీసుకున్నారు కూడా. కొందరు తీసుకుని దెబ్బతిన్నారు. సొంత డొమైన్‌తో ఉచితంగా ఇచ్చిన పాత జీ సూట్ ఖాతాలకు వ్యాపారాలు ఇక డబ్బు కట్టాల్సిందేనని గూగుల్ 2022లో చెప్పింది. ఉచితం ఆపడం వాళ్ల హక్కు. అయితే సొంత సర్వర్ పెట్టుకోవడం కూడా ఈ వర్క్‌షాపు హక్కే కదా? మెయిల్ అనేది ఎవరి సర్వర్ నుంచైనా ఎవరి సర్వర్‌కైనా వెళ్లేలా కట్టిన వ్యవస్థ. నాలుగైదు కంపెనీల గొడుగు కిందకు రానివాడి ఉత్తరం అనుమానాస్పదం అన్నారంటే, దాన్ని భద్రత అనాలా, బలవంతపు బేరం అనాలా?

పైగా మీ గొడుగు బయట ఉన్న చిన్నవాడికి అద్దం కూడా చూపించరు. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్ అనే సదుపాయంలో పంపేవారు తమ మెయిల్ లెక్కలు చూసుకోవచ్చు. కానీ రోజుకు ముప్పై నలభై ఉత్తరాలు పంపేవారికి అది ఖాళీ తెరే, ఎందుకంటే ఉత్తరాలు ఎక్కువ ఉంటే తప్ప లెక్కలు చూపదు. 2024 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ కొత్త నియమాలు తెచ్చాయి. రోజుకు 5,000 దాటి పంపేవారు, ఉత్తరం నిజంగా తమదేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ పెట్టాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం లోపు ఉంచాలి. మిగతా అందరికీ కూడా నంబరు నుంచి పేరుకు, పేరు నుంచి నంబరుకు డీఎన్ఎస్‌లో సరిగ్గా పొంతన ఉండాలి. ఇవి మంచి నియమాలు. ఎవరికి ఎంత కావాలో రాసి, ముందే చెప్పి, గడువిచ్చి పెట్టారు. సుపేలా వర్క్‌షాపు అవన్నీ పాటించింది అనుకోండి. పాటించాక కూడా పక్క నంబరు చేసిన పనికి దీని ఉత్తరం ఆగితే, ఆ పాటించడానికి విలువేముంది?

ఇక్కడ ప్రొవైడర్ల మాట చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. స్థిరమైన నంబరుకు నెలనెలా డబ్బు పుచ్చుకుని, ఆ నంబరుకు రివర్స్ డీఎన్ఎస్‌లో కంపెనీ పేరు రాయమంటే చేతులెత్తేసే కాల్ సెంటర్లు మన దగ్గర ఉన్నాయి. ఆ పేరు రాసే ‘పీటీఆర్ రికార్డు’ అంటే ఏమిటో తెలిసిన మనిషి దాకా వెళ్లడమే ఒక యాత్ర. ఆ ఒక్క పంక్తి రాయగలిగేది ప్రొవైడరే, కస్టమర్ ఎంత తెలివైనవాడైనా తనంతట తాను రాసుకోలేడు. ఇళ్లకు ఇచ్చే నంబర్ల వరుసలోంచే వ్యాపారానికీ నంబరు తీసి ఇచ్చి, ఆ సంగతి జాబితాలవాళ్లకు చెప్పకపోతే ఆ తప్పు పూర్తిగా ప్రొవైడర్‌దే. జాబితాల నిర్వాహకులారా, మీరు వాళ్లతో గట్టిగా మాట్లాడండి. వాళ్ల కస్టమర్ల ఉత్తరాలు ఆపి మాట్లాడకండి.

వర్క్‌షాపు వైపు తప్పు ఉండదనీ కాదు. చాలాసార్లు ఉంటుంది. బిల్లింగ్ కంప్యూటర్‌లో ఎవరో ఎక్కించిన దొంగ సాఫ్ట్‌వేర్, దాని వెంట వచ్చిన వైరస్. ఊరూ పేరూ కలిపి పెట్టుకున్న తేలిక పాస్‌వర్డ్. నాలుగేళ్లుగా ఎవరూ ముట్టుకోని వెబ్‌సైట్‌లోని కాంటాక్ట్ ఫారం, దాని గుండా రాత్రంతా ఎవడో పంపిన చెత్త. అలాంటప్పుడు మీలో కొందరు చేస్తున్నది నిజంగా మెచ్చుకోదగినది. వైరస్ పట్టిన యంత్రాల జాబితాలో వెతికితే, ఏ రోజు ఏ గంటకు ఎలాంటి వైరస్ జాడ కనిపించిందో చూపించిన సందర్భాలున్నాయి. ఆ ఒక్క సమయం తెలిస్తే చాలు, అప్పుడు ఏ కంప్యూటర్ ఆన్‌లో ఉందో పనివాళ్లే చెప్పగలరు. దాన్ని తీసి, కడిగి, మళ్లీ పెట్టుకుంటారు. స్పామ్ కూడా ఆగుతుంది. వివరం చెబితే దొంగకు సాయం చేసినట్టు కాలేదు కదా? మరి మిగతావాళ్లు ఆ పని ఎందుకు చేయరు?

‘మా పద్ధతులన్నీ చెప్పేస్తే స్పామ్‌వాళ్లు తప్పించుకుంటారు’ అన్నది మీరు తరచూ చెప్పే మాట. వల ఎలా అల్లారో చెప్పమని ఎవరూ అడగడం లేదు. ఏ చేప పడిందో, ఎప్పుడు పడిందో చెప్పమనే. నంబరు ఒక్కటేనా, వరుసా, నెట్‌వర్క్ మొత్తమా? నేరమా, వైరస్సా, కేవలం చిరునామా తరహానా? ఏ తేదీన, భారత కాలమానం ప్రకారం ఎన్ని గంటలకు? ఎవరికి చెప్పుకోవాలి, ఎన్నాళ్లలో చూస్తారు? ఆ చెప్పుకునే చోట మనిషి ఉంటాడా? చెప్పుకునే మెయిల్ పెట్టె మీదే అదే జాబితాను కాపలా పెట్టి, మొరను కూడా వెనక్కి పంపడం మానేస్తారా?

నెట్‌వర్క్ మొత్తాన్ని దోషిగా చూపే జాబితాను ఉత్తరం ఆపడానికి వాడకండి. అనుమానానికి ఒక మార్కు వేసుకోవడానికి వాడుకోండి, మిగతాది ఉత్తరాన్ని చూసి తేల్చండి. పేరు తీయడానికి సొమ్ము అడిగే జాబితాను అసలు అడగకండి. అలా అడిగే సర్వర్లు లేకపోతే ఆ వసూళ్లు వాటంతట అవే ఆగుతాయి. పెద్ద మెయిల్ సంస్థలకు ఇది చేతిలో పని, ఎందుకంటే చివరికి తలుపు వేస్తున్నది మీరే. ‘జాబితా చెప్పింది’ అనడం కుదరదు. జాబితాను ఎంచుకున్నది మీరు.

ఇందుకు కొత్త సాంకేతికత ఏదీ కనిపెట్టనక్కర్లేదు. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన, మెయిల్ పంపే పద్ధతి చెప్పే ఎస్ఎంటీపీ నియమావళిలోనే, 550 లాంటి అంకె తర్వాత మనిషి చదివే మాటకు చోటు వదిలారు. ఒక పంక్తి చాలకపోతే ఇంకో పంక్తి రాసుకునే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. ఆ చోట ఇలా రాయవచ్చు: ‘మీ నంబరు మీద నేరారోపణ లేదు. ఫలానా జాబితాలో ఇళ్ల కనెక్షన్ల వరుస కింద ఉంది. మీ ప్రొవైడర్ పీటీఆర్ రికార్డు రాసి, ఈ లింకులో తెలియజేస్తే 24 గంటల్లో తీసేస్తాం.’ సుపేలా వర్క్‌షాపులో ఆ శుక్రవారం సాయంత్రం ఇంకా గంట సమయం ఉంది. ఈ మూడు వాక్యాలు కనిపిస్తే యజమాని కొటేషన్‌ను ఇంకో మెయిల్ నుంచి పంపేస్తాడు, సోమవారం పొద్దున్నే ప్రొవైడర్‌కు ఫోన్ చేసి ఏ పదం చెప్పి ఏం అడగాలో కాగితం మీద రాసుకుంటాడు.

ఆ మూడు వాక్యాలు ఎప్పటి నుంచి రాస్తారో తెలియజేయగలరు.

సుపేలా, భిలాయ్